మోటారు షాపులో గొంతు తిరిగొచ్చిన బాస్ గిటారు

నరసాపురం (మా ప్రతినిధి): కాలిన నీళ్ల మోటారు వైండింగు షాపుకు వస్తుంది. తిరగని ఫ్యాను వస్తుంది. రొయ్యల చెరువుల ఏరేటర్ల మోటార్లయితే సీజనులో వరుస కడతాయి. పాలకొల్లు - నరసాపురం రోడ్డు పక్కనున్న ఒక చిన్న వైండింగు షాపుకు 2024 దీపావళికి ముందు ఒక గిటారు వచ్చింది.

"ఇదేంట్రా అబ్బాయ్, దీనికీ మోటారుంటుందా?" అని షాపు మేస్త్రీ అడిగారు.

"మోటారు లేదు బాబాయ్ గారూ, వైండింగు ఉంది. లోపల ఎక్కడో తెగిపోయింది" అని తెచ్చినాయన చెప్పారు.

ఆ మాటతో మొదలైన పని సంక్రాంతి దాకా సాగింది. మోటారు మేస్త్రీ, ఆయన భార్య, ఒక పాత టీవీ మెకానిక్కు కలిసి, అంతకుముందు ఎన్నడూ ముట్టుకోని వస్తువును బాగు చేశారు. బాగు చేయడమే కాదు, కొత్తగా ఉన్ననాటి కంటే మెరుగుపరిచారు. ఒక వాద్యకారుడి జీవనోపాధి ఆ పనిమీద ఆధారపడి ఉండడం ఇందులోని అసలు విషయం.

చెరువు గట్టున పగలు, స్టేజీ మీద రాత్రి

గిటారు యజమాని వయసు నలభై దాటింది. పగలు రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు చూసుకుంటారు. వినాయక చవితి, దసరా, సంక్రాంతి, అమ్మవారి జాతరలు, పెళ్లిళ్ల రోజుల్లో ఆర్కెస్ట్రాలో బాస్ గిటారు వాయిస్తారు. "నా పేరు రాయకండి. గిటారుకే పేరు లేదు, నాకెందుకండీ?" అని ఆయన ఈ విలేకరితో నవ్వుతూ అన్నారు.

పేరు లేదన్న మాట నిజమే. గిటారు తల మీద ఒకప్పుడు ఏదో కంపెనీ పేరు ఉండేది. చెమటకు, తుడుపుకు అది చెరిగిపోయింది. 2011లో ఒక మిత్రుడు ఆర్కెస్ట్రా మానేసి కువైట్ వెళ్తూ 6,500 రూపాయలకు దీన్ని ఈయనకు ఇచ్చి వెళ్లాడు. కలకత్తా చిత్పూరు రోడ్డులో వాద్యాల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. అక్కడ కొన్నదని మాత్రం ఆ మిత్రుడు చెప్పాడు. అంతకు మించి దాని చరిత్ర ఎవరికీ తెలియదు.

పేరు లేకపోయినా సరుకు గట్టిది. చెక్క బరువైనది, పొడి బారినది. మెడ పట్టీ పదమూడేళ్లలో వంగలేదు. "చేతిలో పెట్టుకుంటే మన అరక కొయ్యలా ఒదిగిపోతుంది. గొంతే బాగుండేది కాదు" అంటారాయన.

ఆర్కెస్ట్రాలో ఈ వాద్యాన్ని ఎవరూ ప్రత్యేకంగా చూడరు. పాడేవారిని చూస్తారు, డ్రమ్సు వాయించేవారిని చూస్తారు. నాలుగు లావాటి తీగల గిటారు పట్టుకుని వెనకాల నిలబడ్డ మనిషి మీద ఎవరి చూపూ పడదు. అయితే పాటకు కింది కట్టడం ఆయనదే. 1989లో వచ్చిన "గీతాంజలి" వంటి చిత్రాల్లో ఇళయరాజా బాణీలు విన్నవారు, పాట కింద మరో పాటలాగా లోతుగా నడిచే స్వరాన్ని గమనించే ఉంటారు. అదే బాస్.

ఆ రాత్రి ఏం జరిగింది?

2024 వినాయక చవితి పందిళ్లలో ఒక రాత్రి. సీరియలు లైట్లు, జనరేటరు, మైకులు, అన్నీ ఒకే లైను మీద. రెండో పాట సగంలో గిటారులోంచి వచ్చే శబ్దం ఒక్కసారిగా సగానికి పడిపోయింది. మిగిలిన సగంలోనూ "గుయ్" మనే రొదే ఎక్కువ. కార్యక్రమం ఎలాగో గట్టెక్కింది.

సామాను సర్దుతుంటే ఆర్కెస్ట్రా యజమాని దగ్గరకు వచ్చి నెమ్మదిగా చెప్పాడు: "అన్నా, కీబోర్డు కుర్రాడు ఎడమ చేత్తో బాస్ కొట్టేస్తానంటున్నాడు. ల్యాప్‌టాప్‌లో ట్రాకులూ ఉన్నాయి. సంక్రాంతి లోపు నీ గిటారు సంగతి చూసుకో. లేకపోతే మనకు వేరే దారి లేదు."

అందులో కోపం లేదు. లెక్క ఉంది. ఒక మనిషి తగ్గితే ఒక వాటా మిగులుతుంది. పదమూడేళ్లుగా ఈయనకు వస్తున్న ఆ వాటాయే పిల్లల ఫీజులు కడుతోంది.

కొత్త గిటారు కొందామంటే చేతిలో డబ్బు లేదు. పాతది అమ్ముదామంటే పేరు లేని సరుకుకు ధర పలకలేదు. "రెండు వేలిస్తానన్నాడొకడు. తీగలూ సంచీ కలిపి" అని ఆయన గుర్తు చేసుకున్నారు. చెడిపోయిన భాగం ఒక్కటీ మార్చుదామని చూశారు. పేరున్న విదేశీ కంపెనీల జత కొనాలంటే పది వేలు దాటుతోంది. చౌక రకాలు వెయ్యి, రెండు వేలకు దొరుకుతాయి గాని, అవి పేరున్న గిటార్ల కొలతలకు చేసినవి. ఈయన గిటారులో గుంత కొలత వేరు. కాగితం మీద గీసి చూస్తే ఒకటి పొడవు చాలలేదు, ఒకటి వెడల్పు ఎక్కువైంది. చెక్క తొలిస్తే తప్ప పట్టదు. తొలిచాక నచ్చకపోతే ఆ చెక్క మళ్లీ రాదు.

పేరు లేని వాద్యం కొన్నవారికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే. పేరున్న దానికి విడి భాగాలు అంగట్లో ఉంటాయి. లేని దానికి మనమే చేసుకోవాలి.

సైకిలు డైనమో వంటిదే

ఇంతకూ చెడిపోయిన భాగం ఏమిటి? దాన్ని పికప్పు అంటారు. గిటారు తీగల కింద నల్లటి పలకలా కనిపిస్తుంది. లోపల ఉండేవి రెండే వస్తువులు. ఒకటి అయస్కాంతం, రెండోది దాని చుట్టూ చుట్టిన రాగి తీగ.

పాత సైకిళ్లకు డైనమో ఉండేది కదా. చక్రం తిరిగితే లోపల అయస్కాంతం తిరిగి, రాగి చుట్టలో కరెంటు పుట్టి దీపం వెలిగేది. పికప్పు పని చేసేదీ ఆ సూత్రం మీదే. 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమది. గిటారు తీగ ఉక్కుది. కింద ఉన్న అయస్కాంతం దాన్ని కూడా కొద్దిగా అయస్కాంతంగా మారుస్తుంది. వేలితో మీటితే తీగ ఊగుతుంది. ఆ ఊపుకు రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. తీగ సెకనుకు ఎన్నిసార్లు ఊగితే కరెంటూ అన్నిసార్లు ఊగుతుంది. ఆ చిన్న కరెంటును యాంప్లిఫయరు పెద్దది చేసి స్పీకరుకు ఇస్తుంది. అందుకే నైలాను తీగలు వేస్తే ఈ గిటారు పలకదు.

నీళ్ల మోటారులో కరెంటు ఇస్తే కదలిక వస్తుంది. ఇందులో కదలిక ఇస్తే కరెంటు వస్తుంది. మోటారు మేస్త్రీకి ఈ ఒక్క మాట చెప్పగానే సగం విషయం అర్థమైపోయింది. "అంటే ఇది తిరగేసిన మోటారన్నమాట" అన్నారాయన.

ఈ పద్ధతి గిటారుకు పట్టింది అమెరికాలో, 1930ల మొదట్లో. ఆ దశాబ్దం మధ్యలో సియాటిల్ నగరంలో పాల్ టుట్మార్క్ అనే ఆయన బాస్‌కు కూడా ఇలాంటి గిటారు తయారు చేశారు గాని అది వ్యాపించలేదు. అప్పటివరకు బాస్ వాయించాలంటే మనిషెత్తు ఫిడేలు మోసుకు తిరగవలసి వచ్చేది. 1951లో కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్ భుజాన తగిలించుకునే బాస్ గిటారును మార్కెట్టులోకి తెచ్చారు. ఆయన స్వయంగా రేడియో రిపేరు షాపు నడిపిన మనిషి. గిటారు వాయించడం ఆయనకు రాదు. ఈ సంగతి చెబితే మన టీవీ మెకానిక్కు గారు "అయితే మన కులమే!" అని సంబరపడ్డారు.

తలవెంట్రుకంత తీగ

మీటరు పెట్టి చూస్తే రెండు పికప్పుల్లో వెనకది బాగానే ఉంది. ఏడు వేల ఓములు పైచిలుకు చూపించింది. ముందుది అసలు కదలలేదు. విప్పి చూస్తే రాగి మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. సముద్రపు గాలి, చేతి చెమట కలిసి ఏళ్ల తరబడి తీగను తినేశాయి. చివరికి చవితి రాత్రి తెగింది.

మేస్త్రీ పాత తీగను గేజి మీద పెట్టి చూసి తల పట్టుకున్నారు. ఫ్యాను చుట్టే తీగ 36 నంబరు అయితే ఇది దాదాపు 46. నంబరు పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుందని వైండింగు పని తెలిసినవారికి తెలుసు. దీని మందం మిల్లీమీటరులో పదహారో వంతు. తలవెంట్రుకతో సమానం. అలాంటి తీగను ఎనిమిది, తొమ్మిది వేల చుట్లు చుట్టాలి. విప్పి పరిస్తే కిలోమీటరు పైనే ఉంటుంది. తూకం వేస్తే మాత్రం యాభై గ్రాములకు మించదు.

విజయవాడ నుంచి తీగ తెప్పించారు. ఫ్యాను కాయిల్సు చుట్టే చేతి మిషనుకు చుట్ల లెక్క చూపే మీటరు ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. మొదటిసారి మూడు వేల చుట్ల దగ్గర తీగ పుటుక్కుమంది. రెండోసారి ఆరు వేలు దాటాక తెగింది. నలభై ఏళ్లుగా మోటార్లు చుట్టిన చేతికి ఈ తీగ బరువే తెలియడం లేదు. బిగిస్తే తెగుతుంది, వదిలితే వదులై జారుతుంది.

"నా వేళ్లు గరుకండీ. ఏరేటరు తీగకు అలవాటు పడ్డాయి. దీన్ని పట్టుకున్నానో లేదో నాకే తెలీదు" అని మేస్త్రీ చెప్పారు.

అప్పుడు ఆయన భార్య ముందుకు వచ్చారు. నరసాపురం పరిసరాల్లోని ఎందరో మహిళల్లాగే ఆమె కూడా పెళ్లికి ముందు నుంచి లేసు అల్లుతున్నారు. దారాన్ని వేలి మీదుగా ఎంత బిగువుతో వదలాలో ఆమె చేతికి తెలుసు. "మీరు మిషను తిప్పండి. తీగ నాకివ్వండి" అన్నారు. ఫ్యాను ఆపేశారు. తలుపు మూశారు. ఆమె రెండు వేళ్ల మధ్య మెత్తటి గుడ్డ పీలిక పెట్టుకుని తీగను దాని మీదుగా వదిలారు. ఆయన నిదానంగా తిప్పారు. రెండు గంటల్లో ఎనిమిది వేల చుట్లు, ఒక్కసారి కూడా తెగకుండా పూర్తయ్యాయి. మీటరు పెడితే ఏడున్నర వేల ఓములు చూపింది.

"లేసు అల్లేటప్పుడు కన్ను దారం మీద ఉండదు. వేలి మీదే ఉంటుంది మనసు. ఇదీ అంతే" అని ఆమె చెప్పారు. ఈ పనికి ఆమె కూలి అడగలేదు. "పాట వినిపించండి చాలు" అన్నారట.

తరువాత చుట్టను మైనంలో ముంచారు. చుట్ల మధ్య సందులుంటే పెద్ద శబ్దానికి తీగలు అదిరి స్పీకరు కీచుమంటుంది. మైనం ఆ సందుల్లో చేరి గట్టిపడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు, అంటుకుంటుంది. వేడి నీళ్ల గిన్నెలో మరో చిన్న గిన్నె పెట్టి కరిగించాలి. వేడి మరీ ఎక్కువైతే పికప్పు ప్లాస్టికు వంకర పోతుంది. పాత మిత్రుడి సలహాతో కొవ్వొత్తుల మైనమే వాడారు.

గొంతు వచ్చింది, రొద పోలేదు

కొత్త వైండింగు బిగించి మీటగానే గిటారు నిండుగా పలికింది. అందరూ సంతోషించారు. అయితే వాయించడం ఆపగానే "గుయ్" మనే రొద మునుపటి కంటే గట్టిగా వినిపించింది.

ఈ రొద గురించి కొంచెం చెప్పాలి. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ట్యూబులైటు చోకులు, ట్రాన్సుఫార్మర్లు, వేలాడే వైర్లు, అన్నిటి చుట్టూ ఆ ఊపు గాలిలో ఉంటుంది. పికప్పులోని రాగి చుట్ట ఏరియలు మాదిరిగా దాన్ని కూడా పట్టేస్తుంది. బాస్ గిటారులో అన్నిటికంటే లావు తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. అదే తీగ మీద మూడో మెట్టు నొక్కితే 49 సార్లు, నాలుగో మెట్టు నొక్కితే దాదాపు 52 సార్లు. అంటే కరెంటు రొద సరిగ్గా ఈ రెండు మెట్ల మధ్య కూర్చుని ఉంది. బాస్ గిటారు ఇంట్లోనే కాపురం పెట్టింది. దాన్ని విడిగా తీసేద్దామని యాంప్లిఫయరులో మీటలు తిప్పితే అసలు బాస్ కూడా పోతుంది.

అప్పుడు పక్క వీధిలో ఉండే పాత టీవీ మెకానిక్కును పిలిచారు. ఆయన ఇప్పుడు షాపు నడపడం లేదు. అంతా చూసి ఒకటే అడిగారు: "రెండు పికప్పులూ ఒకే వైపు చుట్టారా?"

"అవునండీ. వెనకది చూసి అచ్చం అలాగే చుట్టాం" అన్నారు మేస్త్రీ.

"అక్కడే ఉంది. రెండూ ఒకే వైపు రొదను పట్టి, కలిపి ఇస్తున్నాయి. ఒకటి తిరగేయండి."

మళ్లీ చుట్టనక్కరలేదు. చుట్ట తాలూకు రెండు కొసల వైర్లనూ తారుమారు చేసి సోల్డరు పెడితే చాలు. చుట్టు దిశ తిరగేసినట్టే. అలాగే చేశారు. రొద మాయమైంది. అయితే మీటి చూస్తే బాస్ కూడా మాయమైంది! లావుగా పలకవలసిన తీగ డబ్బా రేడియోలా సన్నగా పలికింది. "దెయ్యాన్ని వదిలించబోతే మనిషే పోయినట్టయింది" అని గిటారు యజమాని అన్నారు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. సంక్రాంతి అప్పటికి మూడు వారాలే ఉంది.

అయస్కాంతం బోర్లా తిప్పారు

మర్నాడు మెకానిక్కు గారు పిల్లల దిక్సూచి ఒకటి పట్టుకుని వచ్చారు. ముందు పికప్పు మీద పెట్టారు. వెనక పికప్పు మీద పెట్టారు. రెండు చోట్లా ముల్లు ఒకే కొస చూపింది. "అయస్కాంతాన్ని కూడా తిరగేయాలి. సగం పని చేసి ఆగిపోయాం" అన్నారు.

ఆయన వివరించిన తీరు ఇది. చొక్కాను ఒకసారి తిరగేస్తే లోపలిది బయటికి వస్తుంది. రెండోసారి తిరగేస్తే మళ్లీ సరిగ్గా ఉంటుంది. కరెంటు రొద గాలిలోంచి నేరుగా రాగి చుట్టలోకి వస్తుంది. దానికి అయస్కాంతంతో పని లేదు. కాబట్టి అది ఒక్కసారే తిరగబడుతుంది. వెనక పికప్పులో రొద ఎగువకు లాగితే ముందు పికప్పులో దిగువకు లాగుతుంది. సమాన బలంతో ఎదురెదురుగా లాగిన తాడు కదలనట్టు, రొద అక్కడే చచ్చిపోతుంది. గిటారు తీగ శబ్దం మాత్రం అయస్కాంతం ద్వారానే వస్తుంది. చుట్ట తిరగేసినందుకు ఒకసారి, అయస్కాంతం తిరగేసినందుకు ఒకసారి, మొత్తం రెండుసార్లు తిరగబడి సరిగ్గా నిలుస్తుంది. రెండు పికప్పుల శబ్దాలూ కలిసి బలపడతాయి.

ఇది కొత్త సంగతి కాదు. 1955లో అమెరికాలో గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సేథ్ లవర్ రెండు చుట్టల పికప్పును ఈ సూత్రం మీదే రూపొందించారు. 1957లో ఫెండర్ కంపెనీ తన బాస్ గిటారు పికప్పును రెండు ముక్కలు చేసి అదే పద్ధతి పెట్టింది. చౌకగా తయారయ్యే పేరు లేని గిటార్లలో ఆ శ్రద్ధ తీసుకోలేదు. అంతే తేడా.

ఈ పికప్పులో అయస్కాంతం అడుగున పట్టీలా అంటించి ఉంది. దాని మీద నాలుగు ఇనుప మరలు. మెకానిక్కు గారు పలుచటి బ్లేడుతో జిగురు కోసి, పట్టీని పైకి తీసి, బోర్లా తిప్పి మళ్లీ అంటించారు. ఈ పట్టీ గాజులాంటిది, బలం చేస్తే విరుగుతుంది. పని పావుగంటలో అయిపోయింది.

మీటారు. నిండుగా పలికింది. ఆపారు. నిశ్శబ్దం. "స్పీకరు ఆఫయిందేమో అని వెళ్లి చూశాను" అన్నారు మేస్త్రీ.

మొత్తం ఖర్చు 1,400 రూపాయలు. అందులో ఎక్కువ భాగం తీగకే. ఒక్క పరిమితి మాత్రం ఉంది. రెండు పికప్పులూ సమానంగా తెరిచి ఉంచినప్పుడే రొద పూర్తిగా పోతుంది. ఒకదాని మీట తగ్గిస్తే రొద కొంత తిరిగి వస్తుంది. చివరగా పికప్పు ఎత్తు సరిచేశారు. చివరి మెట్టు నొక్కినప్పుడు తీగకూ పికప్పుకూ మధ్య రెండు, మూడు మిల్లీమీటర్లు ఉండాలి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి శ్రుతి చెడుతుంది. మరీ దూరమైతే శబ్దం తగ్గుతుంది.

ఎర్తు మరిస్తే ప్రాణానికే ముప్పు

ఈ సందర్భంలో మెకానిక్కు గారు ఉత్సవ కమిటీలకు ఒక హెచ్చరిక చేశారు. గిటారు తీగలు లోపల వైరు ద్వారా యాంప్లిఫయరు ఎర్తుకు కలిసి ఉంటాయి. పందిట్లో ఎర్తు సరిగ్గా లేకపోతే, గిటారు పట్టుకున్న మనిషి మైకును తాకినప్పుడు షాకు కొట్టే ప్రమాదం ఉంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణంలో లెస్ హార్వే అనే గిటారు కళాకారుడు ఎర్తు లేని మైకును తాకి స్టేజీ మీదే చనిపోయాడు. ప్లగ్గుకు మూడో పిన్ను విరగ్గొట్టి పెట్టడం మన ఊళ్లలో మామూలైపోయింది. రొద తగ్గిందని ఎర్తు వైరు పీకేసేవారూ ఉన్నారు. అది ప్రాణంతో చెలగాటం. రొద పోవాలంటే పికప్పు బాగు చేసుకోవాలి గాని ఎర్తు తీయకూడదు. జనరేటరు పెట్టినా సరే, తడి నేలలో ఎర్తు కడ్డీ పాతించడం, పెద్ద స్విచ్చు దగ్గర లీకేజీ బ్రేకరు పెట్టించడం కమిటీల బాధ్యత.

సంక్రాంతి రాత్రి

2025 సంక్రాంతికి ఒక గ్రామంలో కార్యక్రమం. అవే సీరియలు లైట్లు, అదే జనరేటరు. మొదటి పాటకు ముందు ఆర్కెస్ట్రా యజమాని వెనక్కి తిరిగి "అన్నా, బాస్ ఆన్ చేశావా? ఏం వినపట్టం లేదే" అన్నాడు. ఈయన లావు తీగను ఒక్కసారి మీటారు. యజమాని ఇంకేమీ అనలేదు. మైకు అందుకున్నాడు.

మేస్త్రీ దంపతులు కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. రెండు పాటలయ్యాక ఆమె భర్తను అడిగారట: "పాటంతా వినపడుతోంది గాని, మనం చుట్టిన తీగ ఏదండీ?" ఆయనకూ తెలియలేదు. విరామంలో ఆ మాట గిటారు యజమానికి చెప్పారు. ఆయన నవ్వి ఊరుకున్నారు. తరువాతి పాటలో రెండో చరణం దగ్గర ఆమె వైపు చూసి, ఒక్క వరుస వాయించకుండా చేతులు ఎత్తేశారు. పాట ఒక్కసారిగా గాలిలో తేలిపోయినట్టయింది. మళ్లీ అందుకోగానే నేల మీదకు దిగింది.

"అప్పుడు తెలిసిందండీ, అది మనదేనని" అని ఆమె ఈ విలేకరితో చెప్పారు.

ఉగాది దాకా ఈయన్నే ఉంచుతామని ఆర్కెస్ట్రా యజమాని అప్పట్లో మాటిచ్చాడు. ఆ తరువాత మాట ఇవ్వలేదు. ల్యాప్‌టాప్‌లోని ట్రాకులు ఎక్కడికీ పోలేదు. "ఎన్నాళ్లుంటానో చెప్పలేనండీ. కాకపోతే గిటారు బాగోలేదని నన్ను తీసేసే వీలు మాత్రం ఎవరికీ లేదిప్పుడు" అంటున్నారాయన.

ఆయన గిటారు తల మీద పేరు ఇప్పటికీ లేదు. వెనక మూత తీస్తే లోపల చెక్క మీద పెన్సిలుతో రాసిన అక్షరాలు కనిపిస్తాయి. చుట్లు ఎనిమిది వేలు, తేదీ, కింద మేస్త్రీ గారి భార్య సంతకం. మళ్లీ ఎప్పుడైనా విప్పేవారికి లెక్క తెలియాలని మేస్త్రీ గారే ఆమె చేత రాయించారు.